పదకొండు జతల బ్రేక్ ప్యాడ్లు

చిన్న రైలు షెడ్డు,
పార్కు వెనక గేటు పక్కన,
మార్చి 9

వదినా,

అన్నయ్య పంపిన డిస్కు చేరింది, బిగించాను, పదిరోజులుగా తిరుగుతోంది. పెట్టె ఎత్తినప్పుడు లోపల ఏమీ లేదేమోనని ఊపి చూశాను. పాత పోత ఇనుము డిస్కు కదలాలంటే ఇద్దరం కావాలి. దీన్ని ఒక్కదాన్నే చంకలో పెట్టుకుని షెడ్డంతా ఊరేగించాను. మా మేనేజరు చూసి, "ఇది బ్రేకా, పళ్ళెమా?" అన్నాడు. అల్యూమినియం కరిగించి అందులో ఉప్పుకాగితం మీద ఉండేలాంటి గరుకు పొడి కలిపి పోత పోశారని, అందుకే తేలికైనా అరగదని చెప్పాను. "అంటే, బ్రేకుకి ఉప్పుకాగితం వేశారన్నమాట," అని తేల్చేసి వెళ్ళిపోయాడు. అన్నయ్య నాలుగేళ్ళ పరిశోధన ఆ ఒక్క ముక్కలో ముగిసింది. ఆయనకి మాత్రం చెప్పకు.

బ్రేకు బాగా పడుతోంది. కొలను మలుపు దిగాక నాలుగు పెట్టెల నిండా పిల్లలతో వచ్చి, ప్లాట్‌ఫారం దగ్గర గీత గీసినట్టు ఆగుతోంది. ఆగేటప్పుడు మాత్రం పిల్లిని తొక్కినట్టు కీచుమంటోంది. ఇంకో సంగతి. ఎనిమిది మిల్లీమీటర్ల ప్యాడ్లు తొమ్మిది రోజుల్లో నాలుగుకి వచ్చాయి. కొలతల కాగితంలో రాశాను.

ప్యాడ్లు చేసే కంపెనీకి కబురు పెడితే కొత్త జత పట్టుకుని ఒకతను వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, విప్పిన కొలత టేపులా ఉంటాడు. పలకరిస్తే ఒక మాట, పలకరించకపోతే అదీ లేదు. నా పనిముట్ల బల్ల చాలాసేపు చూసి, "దేని చోటు దానికుంది," అన్నాడు. అదేం మాట? బల్ల గురించా, నా గురించా? వెళ్ళేటప్పుడు పాత ప్యాడ్లు అడిగి పట్టుకెళ్ళాడు. వెనక ఉన్న ఇనుప రేకు మళ్ళీ వాడుకుంటారట.

ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టించి అంకెలు అప్పజెప్పించుకుంటాడు. అందుకే పార్సిల్లో ఈ ఉత్తరం. కొలతలు ఆయనకి, కబుర్లు నీకు.

నీ మరదలు

*

అరుగుదల పరీక్షల గది, రెండో అంతస్తు,
మార్చి 21

గౌరవనీయులైన చిన్న రైలు అధిపతి గారికి,

పార్సిల్ మీ అన్నయ్య చేతిలో పడకముందే నేను పట్టుకున్నాను. కొలతలు ఆయన బల్ల మీద, కబుర్లు నా సంచిలో చేరాయి. పళ్ళెం మాట చెప్పలేదు. కానీ నిన్న భోజనాల దగ్గర కంచం చూడగానే నవ్వొచ్చి పొలమారింది. ఏమిటని అడిగితే ఏం చెప్పను?

ఇక అసలు సంగతి. నా మిషను నీకు తెలుసు. తిరిగే బిళ్ళ మీద చిన్న ముక్కని బరువు పెట్టి నొక్కి, ఎంత అరిగిందో మిల్లీగ్రాముల్లో తూస్తాను. నీ డిస్కు పోసిన లోహం మీదే, నువ్వు వాడే రకం ప్యాడు ముక్కనే పెట్టి ఆరు రోజులు తిప్పాను. మొదట్లో కొంచెం గట్టిగానే అరిగింది. కొత్త డిస్కు లేతు మిషను మీద నుంచి వచ్చిన గరుకుతో ఉంటుంది కదా. ఆ తర్వాత దాదాపు ఆగిపోయింది. నా లెక్కన ఒక్కో జత రెండు నెలలైనా రావాలి.

తొమ్మిది రోజులన్న అంకె చూసి మీ అన్నయ్య మొహం మాడిపోయింది. ఆయన భయం ఏమిటంటే, గరుకు పలుకులు పైకి తేలి ప్యాడుని గీరేస్తున్నాయేమోనని. "తను అరగకుండా ఎదుటిదాన్ని తినేస్తే అది బ్రేకు కాదు, ఆకురాయి," అన్నారు.

రెండో జత ఎలా ఉందో రాయి. విప్పిన ప్యాడ్లు మాత్రం కొలత టేపుకి ఇవ్వకుండా నాకు పంపు. నా కళ్ళతో చూడాలి.

మీ వదిన

*

చిన్న రైలు షెడ్డు,
ఏప్రిల్ 18

వదినా,

ఐదో జత కూడా అయిపోయింది. అన్నీ తొమ్మిదేసి రోజులే. నీ మిషను ఎక్కడో పొరపాటు పడుతోంది. గదిలో ఫ్యాను కింద తిరిగే బిళ్ళకీ, నలభైమంది పిల్లలు ఎక్కి గెంతే రైలుకీ పోలికేమిటి?

పాత ప్యాడ్లు పంపుదామనే అనుకున్నాను. నాలుగో జత కాగితంలో చుట్టి కూడా పెట్టాను. అతను వచ్చి అడిగేసరికి చేతిలో పెట్టేశాను. అడిగినవాళ్ళకి లేదనడం మన ఇంటా వంటా లేదు కదా.

కీచుమనడం తగ్గలేదు. పిల్లలు దాన్ని నేర్చేసుకున్నారు. రైలు ఆగేముందే పెట్టెలన్నీ కలిసి కీచుమంటాయి. మా మేనేజరు చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నాడు. ప్యాడ్లు తెచ్చే అతను మొన్న రైలెక్కి రెండు చుట్లు తిరిగాడు, చప్పుడు ఎక్కడ మొదలవుతోందో వినాలని. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పక్కన కూర్చున్న ఓ చిన్నపిల్ల, "మీరు పెద్దయ్యాక ఎక్కారేం?" అని అడిగింది. అతను ఆలోచించి, "చిన్నప్పుడు ఎవరూ ఎక్కించలేదు," అన్నాడు. నిజమో, తమాషాకి అన్నాడో తెలియలేదు. అతనితో అదే చిక్కు. తమాషా కూడా కొలత చెప్పినట్టే చెబుతాడు. దిగాక నాతో, "మలుపు దగ్గర కాదు, ఆఖరి పది అడుగుల్లో మొదలవుతోంది," అన్నాడు. అతను చెప్పింది నిజమే. అతను వినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు, తెలుసా? అతను టీ తాగడు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు కడిగి బోర్లించి వెళతాడు.

అన్నయ్యని ఎక్కువ బెంగపెట్టుకోవద్దని చెప్పు. డిస్కు మీద గోటితో గీరినా గీత పడటం లేదు. ప్యాడ్లదేముంది, మార్చుకోవచ్చు.

నీ మరదలు

*

అరుగుదల పరీక్షల గది,
మే 16

మరదలు పిల్లకి,

నీ కిందటి ఉత్తరాన్ని కూడా పరీక్షకి పెట్టాను. 'డిస్కు' ఒక్కసారి, 'అన్నయ్య' ఒక్కసారి వచ్చాయి. 'అతను' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. ఇది అరుగుదల లక్షణం కాదని నా అనుభవం చెబుతోంది.

ఆటలకేం గానీ, ఇంట్లో పరిస్థితి బాగాలేదు. జూన్ ఇరవైన ఈ పరిశోధన సాగాలో వద్దో తేల్చే కమిటీ కూర్చుంటుంది. ఎనిమిది జతలు, తొమ్మిదేసి రోజులు అన్న కాగితం వాళ్ళ ముందుకి వెళితే మీ అన్నయ్య పని అక్కడితో సరి. కొలిమి కూడా ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆయన పొడి పాళ్ళు సగానికి సగం తగ్గించి, ఉన్న డిస్కులన్నీ కరిగించి మళ్ళీ పోస్తానంటున్నారు. పొద్దున్న స్నానాల గదిలో పాడటం మానేశారు. పాడితే భరించలేకపోయేదాన్ని, ఇప్పుడు లేకపోతే చెవులు వెలితిగా ఉన్నాయి. ఆయన కాఫీలో చక్కెర వేయడం మానేశాను, ఎన్నాళ్ళకి కనిపెడతారో చూద్దామని. పదకొండు రోజులైంది. గటగటా తాగేసి వెళ్ళిపోతున్నారు.

నువ్వు ప్యాడ్లు పంపవు. అందుకని కంపెనీకి నేనే రాశాను. పార్కు నుంచి వెనక్కి తీసుకున్న ప్యాడ్లలో ఏవైనా మిగిలి ఉంటే పంపమని, వాటి మీద ఒక మనిషి నాలుగేళ్ళ కష్టం ఆధారపడి ఉందని.

మీ వదిన

*

చిన్న రైలు షెడ్డు,
మే 27

వదినా,

కంపెనీకి రాసేముందు నన్నొక మాట అడిగి ఉండాల్సింది. పాత ప్యాడ్లు ఇంకా ఎక్కడుంటాయి? రేకులు ఊడదీసి మిగతాది ఎప్పుడో పారేసి ఉంటారు. అనవసరంగా వాళ్ళని వెతికించకు.

ఈరోజే పదో జత విప్పి పదకొండోది ఎక్కించాను. కొలతల కాగితం ఇందులో ఉంది.

అన్నయ్యని పొడి తగ్గించొద్దని చెప్పు. నేను చెప్పానని కాదు, నువ్వే చెప్పినట్టు చెప్పు. డిస్కులు కరిగించవద్దని కూడా చెప్పు. తప్పు పొడిది కాకపోవచ్చు.

నిజంగా పాడటం మానేశాడా?

మరదలు

*

అరుగుదల పరీక్షల గది,
జూన్ 8

అమ్మాయీ,

ప్యాడ్లు వచ్చాయి. పది జతలూ. ఒక్కటి కూడా పారేయలేదు. ప్రతి జతనీ విడిగా కాగితంలో చుట్టి, తేదీ వేసి, చెక్కపెట్టెలో సర్ది పంపాడు మీ కొలత టేపు.

నేను వాటిని మైక్రోస్కోపు కింద పెట్టాను. కానీ దానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. డిస్కు గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని రాసుకున్న ప్యాడు మీద గీతలు విల్లులా వంపు తిరగాలి. మొదటి జత మీద అలాగే ఉన్నాయి. అది నిజంగా అరిగింది. కొత్త డిస్కు గరుకుకి అరగాల్సిందే. రెండో జత నుంచి పదోదాకా గీతలన్నీ నిటారుగా, ఒకే దిక్కుగా ఉన్నాయి. పన్నెండు అంగుళాల ఆకురాయి అనుకుంటాను. పొరపాటైతే దిద్దు.

తొమ్మిది జతలు, ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లు, చేత్తో. నీ ఓపికకి దండం పెట్టాలి.

ఇంకొకటి. చుట్టిన కాగితాల్లో చీటీలున్నాయి. అతను రాసుకున్నవి. తీయడం మర్చిపోయాడో, కావాలనే ఉంచాడో నాకు తెలియదు. కొన్ని ఇక్కడ దించుతున్నాను.

"రెండో జత. గీతలు నిటారుగా ఉన్నాయి."

"ఐదో జత. ఇవీ నిటారే. ఏమీ అడగలేదు."

"ఏడో జత. ఈసారి అంచులు కూడా నున్నగా చేసింది."

"తొమ్మిదో జత. తొందరగా రుద్దినట్టుంది, ఒకవైపు ఎక్కువ పోయింది. ఒంట్లో బాగుందో లేదో కనుక్కోవాలి."

చదివి నవ్వాను. ఆ తర్వాత పక్క గదిలోకి చూశాను. మీ అన్నయ్య పొడి తూస్తున్నారు, గ్రాము గ్రాము తగ్గించి. నాకు నవ్వు ఆగిపోయింది.

ఆయనకి ఇంకా చెప్పలేదు. పన్నెండు రోజుల్లో కమిటీ. పరీక్ష నివేదిక మీద సంతకం నాది. అబద్ధం మీద సంతకం పెట్టను. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టడం కూడా నాకిష్టం లేదు. రైలు మీద అరిగిపోయిన ప్యాడ్లేమైనా పెట్టావా? ముందు అది చెప్పు.

వదిన

*

చిన్న రైలు షెడ్డు,
జూన్ 12

వదినా,

లేదు. రైలు మీద ఎప్పుడూ నిండు ప్యాడ్లే ఉన్నాయి. విప్పాకే రుద్దాను, బల్ల దగ్గర, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు. గ్రైండరు పెడితే చప్పుడవుతుందని ఆకురాయి పట్టాను. పన్నెండు అంగుళాలదే. పిల్లలెక్కే బండి, ఆ విషయంలో మాత్రం నన్ను అనుమానించకు.

ఎందుకు చేశావని నువ్వు అడగలేదు. అడిగితే బాగుండేది, ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. మొదటి జత మార్చడానికి వచ్చినప్పుడు నా బల్ల చూసి ఆ మాట అన్నాడని రాశాను కదా. పదిహేనేళ్ళుగా ఆ షెడ్డులో ఉన్నాను, బల్లని అంతసేపు చూసినవాళ్ళు లేరు. మళ్ళీ వస్తే బాగుండుననిపించింది. పిలవడానికి కారణం లేదు. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని, నట్లూ బోల్టులూ తప్ప దేని గురించీ ఎవరినీ ఏదీ అడగడం రాదు. ఊరికే రండి అనడం కంటే నాలుగు మిల్లీమీటర్లు రుద్దడం తేలికనిపించింది. అన్నయ్య కాగితం మీద అది ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా అబద్ధమే. ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా రుద్దాను.

నీ ఉత్తరం చదివాక కొలను మలుపు దగ్గర పట్టా మీద కూర్చున్నాను. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఏడో జతకి అంచులు నున్నగా చేశానట. ఆ తర్వాత అతనికి ఫోన్ చేసి రమ్మన్నాను. ఈసారి ప్యాడ్ల పేరు చెప్పలేదు.

వచ్చాడు. "చీటీలు చూశారా?" అన్నాడు.

"తెలిసీ మాట్లాడకుండా ఎందుకు తెచ్చారు?" అన్నాను.

"మీరు అడిగారు, తెచ్చాను."

"మరి వాళ్ళకెందుకు పంపారు?"

"మీ వదినగారు ఒక మనిషి కష్టం అని రాశారు. చెబితే మీ మీద చాడీ చెప్పినట్టు, చెప్పకపోతే ఆయనకి అన్యాయం. అందుకని చీటీలు తీయకుండా పంపాను."

నాకు ఒళ్ళు మండింది. పోనీలే, ఇంకెప్పుడూ మిమ్మల్ని ఇంత దూరం తిప్పను, కంపెనీకి నష్టం కలిగించినందుకు క్షమించండి అన్నాను. అప్పుడు నేల చూస్తూ చెప్పాడు. అతను ప్యాడ్లు అందించే మనిషే కాదట. అచ్చుల్లో పొడి నింపి ప్యాడ్లు పోసే పనివాడట. ప్యాడ్లు ఎప్పుడూ కొరియర్లోనే పంపుతారట. మొదటిసారి కొరియరు బండి చెడిపోయి అతన్ని పంపారు. ఆ తర్వాత ప్రతిసారీ సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. తొమ్మిది సగం రోజులు. నేను మోచేతులు పడిపోయేలా రుద్దుతుంటే, అక్కడ అతను సెలవు చీటీలు రాస్తున్నాడు.

మేనేజరుకి అంతా చెప్పేశాను. దూది తీసి విన్నాడు. "అంటే మూడు నెలలుగా మన రైలుకి ఎప్పుడూ కొత్త ప్యాడ్లేనా?" అన్నాడు. అవునన్నాను. ఉద్యోగం తీయలేదు. నెలరోజులు రైలు నేనే నడపాలి, డ్రైవరు టోపీతో సహా. ఆ టోపీకి కుందేలు చెవులుంటాయి.

ఇందులో అన్నయ్యకి ఇంకో కవరు పెట్టాను. అది నువ్వు విప్పకు. ఆయన చేతికే ఇవ్వు. నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ మరదలు

*

అరుగుదల పరీక్షల గది,
జూన్ 22

కుందేలు గారికి,

కవరు ఆయన చేతికే ఇచ్చాను. విప్పలేదు. వెలుగుకి పెట్టి చూశాను గానీ ఏమీ కనబడలేదు.

బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "మూడు నెలలు నా పొడినే అనుమానించాను," అన్నారు చివరికి. ఆ గొంతు విని నేను నీ మీద విరుచుకుపడదామనే అనుకున్నాను. అంతలో ఆయనే, "ఆకురాయి పట్టడం దానికి నేర్పింది నేనే. గీత వంపు తిరగాలంటే మణికట్టు తిప్పాలని లక్షసార్లు చెప్పాను. వింటే కదా," అన్నారు. తర్వాత కాఫీ ఒక గుక్క తాగి కప్పు దించి, "ఇందులో చక్కెర లేదేమిటి?" అని అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కమిటీ సంగతి. ఉన్నది ఉన్నట్టు చదివాను. మొదటి జత నిజం, తర్వాత తొమ్మిది జతల కొలతలు చెల్లవు, పార్కు నుంచి కొలతలు తీసినవారే వాటిని చేత్తో రుద్దారు అని. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, "ఎందుకు రుద్దారు?" అన్నారు. వ్యక్తిగత కారణం అన్నాను. మీ అన్నయ్య లేచి నిలబడ్డారు. సభలో ఎన్నడూ ఒక ముక్క ఎక్కువ మాట్లాడని మనిషి. "ఆ చేసింది మా చెల్లెలండీ. కారణం సన్నగా, పొడుగ్గా ఉంటుందని విన్నాను," అన్నారు. అధ్యక్షురాలు కాగితాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

తర్వాత అడగాల్సినవన్నీ అడిగారు, మర్యాదేమీ చూడలేదు. గంటన్నర నిలబెట్టారు. మమ్మల్ని నిలబెట్టింది నీ డిస్కే. పది జతల కొత్త ప్యాడ్లు ఒకదాని తర్వాత ఒకటి దాని మీద రాసుకున్నా, అది వెంట్రుకవాసి కూడా అరగలేదు. కీచుమనడానికి కారణం కూడా దొరికింది. ప్యాడు కొన్నాళ్ళు రాసుకుంటే దాని పొడే డిస్కు మీద పల్చటి పొరలా అంటుకుంటుంది. ఆ పొర కుదిరితే చప్పుడు తగ్గుతుంది, ప్యాడు కూడా నెమ్మదిగా అరుగుతుంది. నువ్వు తొమ్మిది రోజులకోసారి కొత్త జత వేసి ఆ పొరని కుదరనివ్వలేదు. కొత్త ప్యాడు మొదటి వారం ఎలా ప్రవర్తిస్తుందో ఒకే డిస్కు మీద ఇన్నిసార్లు చూసినవాళ్ళు తనకి తెలిసి లేరని ఒక పెద్దాయన అన్నారు. ఇన్నిసార్లు మార్చాల్సిన అవసరం ఎవరికీ పడి ఉండదు మరి.

ఆర్నెల్లు గడువిచ్చారు. షరతులు రెండు. ప్యాడ్ల మీద ముద్ర వేసి పెట్టాలి. కొలతలు నువ్వు తీయకూడదు.

మీ అన్నయ్య ఈ ఉదయం స్నానాల గదిలో పాడారు. దూది ఉంటే కొంచెం పంపు.

మీ వదిన

*

చిన్న రైలు షెడ్డు,
సెప్టెంబరు 3

వదినా,

పదకొండో జతకి ఈరోజుతో తొంభై తొమ్మిది రోజులు. కొలతలు టికెట్ల గదిలో కూర్చునే ఆవిడ తీస్తోంది. ఆవిడ కొలిచేటప్పుడు నన్ను పది అడుగుల దూరంలో నిలబెడుతుంది. ప్యాడు ఇంకా సగం పైనే ఉంది. కాగితం అన్నయ్యకి పెట్టాను. ఈసారి ఆయన దాన్ని గోడకి అంటించుకోవచ్చు.

నాలుగో వారానికి కీచుమనడం పూర్తిగా పోయింది. డిస్కు మీద నల్లగా, నున్నగా నువ్వు చెప్పిన పొర పట్టింది. పిల్లలకి మాత్రం నచ్చలేదు. రైలు చెడిపోయిందని ఒకడు నాకు ఫిర్యాదు చేశాడు. నా టోపీ శిక్ష జులైలోనే అయిపోయింది గానీ మేనేజరు ఇంకా నన్ను చూసినప్పుడల్లా తన చెవులు సవరించుకుంటాడు.

ఇన్నాళ్ళూ కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. రావాల్సిన పని లేదు కదా. ప్యాడు అరగదు, నేను అరగదీయకూడదు. ఫోన్‌లో మాత్రం కొలత టేపూ నేనూ రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఆయన వాతావరణం గురించి చెప్పాడు, నేను విన్నాను. నేను బేరింగుల గురించి చెప్పాను, ఆయన విన్నాడు. రండి అందామని రెండుసార్లూ నోటిదాకా వచ్చింది. వచ్చినది వచ్చినట్టే లోపలికి పోయింది.

నిన్న మధ్యాహ్నం గేటు నుంచి కబురొచ్చింది, ఎవరో వచ్చారు, లోపలికి పంపాలో వద్దో తెలియడం లేదు, ఒకసారి రమ్మని. వెళ్ళాను. చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె లేదు, సంచి లేదు, కంపెనీ చొక్కా కూడా లేదు. గేటు మనిషి వచ్చినవాళ్ళ పుస్తకం నా ముందుకి తోసి, "ఇలా రాస్తే ఎలా పంపమంటారు, మీరే చూడండి," అన్నాడు.

పేరు రాశాడు, టైము రాశాడు. 'వచ్చిన పని' అన్న గడిలో ఆ పొందికైన అక్షరాలతో "పనేమీ లేదు" అని రాసి, కింద సంతకం పెట్టాడు.

నేను పుస్తకం మూసి, "పంపండి," అన్నాను.

నీ మరదలు